సంతకం పెట్టే ముందు చెట్లు లెక్కపెట్టండి

నల్గొండ జిల్లా నుంచి ఒక బత్తాయి రైతు రాశారు. పేరు, ఊరు వద్దన్నారు. వయసు 54. భార్య, డిగ్రీ పూర్తి చేసిన కొడుకు ఉన్నారు. ఉన్నది 3 ఎకరాల 5 గుంటలు. అందులో 2 ఎకరాల 15 గుంటలు తండ్రి నుంచి వచ్చింది. మిగతా 30 గుంటలు 2022లో పక్క రైతు దగ్గర కొన్నారు. ఇప్పుడు కొత్త కాలువ కోసం ప్రభుత్వం 1 ఎకరం 32 గుంటలు తీసుకుంటోంది. కాలువ పొలం మధ్య నుంచి ఏటవాలుగా పోతుంది. ఇవతల 31 గుంటలు, అవతల 22 గుంటలు మిగులుతాయి. అవతలి ముక్కకు దారి ఉండదు. బోరు సరిగ్గా కాలువ పడే చోటే ఉంది. పోయేది తొమ్మిదేళ్ల తోట. 110 చెట్లు ఉన్నాయని ఈయన లెక్క, అధికారుల పంచనామాలో 96 ఉన్నాయి.

2024 నవంబరులో మొదటి నోటిఫికేషన్, తర్వాత డిక్లరేషన్ వచ్చాయి. ఇప్పుడు విచారణకు రమ్మని నోటీసు అందింది. ఇంకా రెండు వారాలు టైముంది. నోటీసుతో పాటు ఒక అంగీకార పత్రం కూడా చేతిలో పెట్టారు. ఎకరాకు 16 లక్షలు, ఒప్పుకుంటే త్వరగా డబ్బు. లేకపోతే మామూలు అవార్డు (పరిహారం ఎంతో తేల్చే కలెక్టరు ఉత్తర్వు) ఇస్తాం, అందులో ఎకరాకు పన్నెండు పన్నెండున్నర లక్షలకు మించి రాదు అన్నారట. ఊళ్లో 14 మంది రైతుల్లో 11 మంది సంతకాలు పెట్టేశారు. బయట ఎకరం 25 లక్షలు పలుకుతోంది.

కొడుకు పై చదువుకు విదేశం వెళ్లాలి, ఫీజు కట్టాలి, సంతకం పెట్టేయమంటున్నాడు. భార్య మాత్రం "ఆ కాగితం మీద సంతకం పెడితే ఈ ఇంట్లో నా చేతి అన్నం తినకు" అంది. ఈయనకు నిద్ర పట్టడం లేదు. ఉత్తరం చివర్లో ఇలా రాశారు: "30 గుంటలకు నేను 18 లక్షలు ఇచ్చాను. దస్తావేజులో మాత్రం ఎకరా 3 లక్షల 75 వేల లెక్కనే రాయించుకున్నా. ఆ దస్తావేజే చూపించి మీ ఊళ్లో రేటు ఇదే కదా అంటున్నారు. నా సంతకమే నా మెడకు చుట్టుకుంది. ఇప్పుడు ఇంకో సంతకం పెట్టాలంటే చెయ్యి వణుకుతోంది. నన్నేం చేయమంటారు?"

*

అన్నా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సంతకం పెట్టమనో వద్దనో నేను చెప్పను. ఏది ఎంచుకుంటే ఏమవుతుందో మాత్రం వీలైనంత వివరంగా చెబుతాను. నిర్ణయం మీరూ మీ ఇంటావిడా కలిసి తీసుకోండి.

ముందు మీ మనసు మీదున్న బరువు గురించి. 2022లో మీరు చేసింది మన ఊళ్లలో దాదాపు అందరూ చేసేదే. తెలంగాణలో రిజిస్ట్రేషన్ విలువలు 2013 ఆగస్టు తర్వాత 2021 జులై దాకా మారనే లేదు. ఎనిమిదేళ్లలో భూముల ధరలు ఎన్ని రెట్లు పెరిగాయో మీకు తెలుసు. ప్రభుత్వ విలువ కింద ఉండిపోయింది, అసలు ధర పైకి పోయింది. ఆ మధ్యలో ఉన్నదంతా చేతుల మీద మారింది. స్టాంపు డ్యూటీ కొంత కలిసొచ్చిందని అందరం సంతోషించాం. భూసేకరణ వచ్చేసరికి అదే కాగితం ఎదురు తిరిగింది. ఇది మీ ఒక్కరి తప్పులా మోయకండి. కానీ విచారణలో లేచి "నేను నిజానికి 18 లక్షలు ఇచ్చానండి" అనకండి. మీరే రాయించుకున్న దస్తావేజుకు విరుద్ధంగా మీ నోటిమాట నిలవదు. స్టాంపు డ్యూటీ ఎగ్గొట్టారన్న కొత్త తలనొప్పి కూడా రావచ్చు. ధర రుజువు చేయడానికి వేరే దారి ఉంది, దానికి తర్వాత వస్తాను.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చెప్పాలి. "అసలు భూమే ఇవ్వను" అన్నది ఇప్పుడు మీ ముందున్న దారుల్లో లేదు. ఆస్తి హక్కు 1978లో జరిగిన 44వ సవరణతో ప్రాథమిక హక్కుల్లోంచి పోయింది. ఇప్పుడు అది 300ఏ అధికరణం కింద ఉంది. చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తీ తీసుకోకూడదు అంటుంది, తీసుకోనే కూడదు అనదు. కాలువ అసలు అటు ఎందుకు పోవాలి అని అడగడానికి మొదటి నోటిఫికేషన్ తర్వాత 60 రోజులు గడువు ఉండేది. అది దాటిపోయింది. మీరు డబ్బు తీసుకోకపోతే దాన్ని అథారిటీ, అంటే భూసేకరణ పరిహారం తగాదాలు తేల్చే సంస్థ, దగ్గర డిపాజిట్ చేసి భూమి తీసుకుంటారు. కాబట్టి ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ధర గురించిన పోరాటమే. దాని కోసం గట్టిగా నిలబడొచ్చు.

ఇక లెక్క. అధికారులు మీతో ఎకరా రేటు మాట్లాడారు. మీరూ అదే మాట్లాడుతున్నారు, ఊరంతా అదే మాట్లాడుతోంది. కానీ 2013 భూసేకరణ చట్టంలో పరిహారం అంటే ఎకరా రేటు ఒక్కటే కాదు.

మొదట భూమి మార్కెట్ విలువ కడతారు. రిజిస్ట్రేషన్ విలువ ఒకటి. చుట్టుపక్కల గత మూడేళ్లలో అలాంటి భూములకు జరిగిన అమ్మకాల్లో, ఎక్కువ ధర ఉన్న సగం దస్తావేజుల సగటు మరొకటి. వీటిలో ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. దాన్ని పల్లెల్లో 1 నుంచి 2 మధ్య ప్రభుత్వం నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. దానికి భూమి మీద ఉన్నవాటి విలువ కలుపుతారు: చెట్లు, బోరు, మోటారు గది, డ్రిప్ పైపులు, కంచె. అంతా కలిపాక వచ్చిన మొత్తానికి ఇంకో 100 శాతం సొలేషియం, అంటే బలవంతంగా భూమి తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు పరిహారం, వేస్తారు. 1894 నాటి పాత చట్టంలో ఇది చివరకు 30 శాతమే. ఇక్కడ జాగ్రత్తగా చూడండి. సొలేషియం భూమి విలువ మీద మాత్రమే కాదు, చెట్ల మీద కూడా వస్తుంది. అంటే చెట్టుకు రాసిన ప్రతి రూపాయీ రెండు రూపాయలవుతుంది.

మీ అంకెలతోనే చేసి చూద్దాం. పై సగం దస్తావేజుల సగటు ఎకరాకు 5 లక్షలు వచ్చిందని మీకు చెప్పారు. గుణకం 1.25 అనుకుందాం. మీకు వర్తించేది ఎంతో రాతలో అడిగి తెలుసుకోండి. అయిదు లక్షలు ఆరుంపావు అవుతుంది, సొలేషియంతో పన్నెండున్నర. వాళ్లు చెప్పిన మాట నిజమే. మీది 72 గుంటలు, అంటే 1.8 ఎకరాలు. భూమికి 22 లక్షల 50 వేలు.

ఇప్పుడు చెట్లు. కాపులో ఉన్న తొమ్మిదేళ్ల బత్తాయి చెట్టుకు ఉద్యానశాఖ వాళ్లు ఎంత వేస్తారో నేను చెప్పలేను. లెక్క కోసం 6 వేలు అనుకుందాం. 110 చెట్లకు 6 లక్షల 60 వేలు. సొలేషియంతో 13 లక్షల 20 వేలు. భూమితో కలిపితే 35 లక్షల 70 వేలు. ఇంకా బోరు కలపలేదు. మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం చొప్పున, నోటిఫికేషన్ నుంచి అవార్డు లేదా స్వాధీనం దాకా వచ్చేది కూడా కలపలేదు. మీ విషయంలో అది ఏడాదికి లక్ష పైనే ఉంటుంది.

మరి అంగీకార పత్రంలో ఎకరాకు 16 లక్షలు అంటే 28 లక్షల 80 వేలు. అందులో చెట్లు కలిసే ఉన్నాయా, విడిగా ఇస్తారా? మీ ఉత్తరంలో ఆ సంగతి ఎక్కడా లేదు. మీరు అడిగి ఉండరని నా అనుమానం. "అన్నీ కలిపి" అని ఆ కాగితంలో ఒక్క మాట ఉంటే, ఎక్కువ అనుకుంటున్న 16 లక్షలు నిజానికి తక్కువ. ఉత్త పత్తి చేను ఉన్న మీ పక్కవాళ్లకు 16 మంచి రేటే కావచ్చు, అందుకే 11 మంది సంతకం పెట్టారేమో. వాళ్ల లెక్క మీకు సరిపోదు. మీది తోట.

అందుకే పంచనామాలో 96 అని ఉండటం చిన్న విషయం కాదు. 14 చెట్ల తేడా అంటే పై లెక్కన లక్షా 68 వేలు. రేపు పొద్దున్నే మీరిద్దరూ తోటలోకి వెళ్లండి. ఒకరు సున్నమో పెయింటో పట్టుకుని ప్రతి మాను మీద నంబరు వేయండి, ఒకరు నోటు పుస్తకంలో రాయండి. చెట్టు వయసు, కాపు ఉందా లేదా, మానుకు తెగులు ఏమైనా ఉందా, అన్నీ నిజమే రాయండి. ప్రతి చెట్టుకూ నంబరు కనిపించేలా ఫోటో తీయండి. బోరు లోతు, కేసింగ్ ఎన్ని అడుగులు, మోటారు ఎన్ని హెచ్‌పీ, కరెంటు కనెక్షన్ కాగితం, డ్రిప్‌కు సబ్సిడీ తీసుకున్న రసీదు ఉంటే అదీ జత చేయండి. గత మూడేళ్లు కాయ అమ్మిన మార్కెట్ చిట్టీలు ఇంట్లో ఎక్కడో ఉంటాయి, వెతకండి. మళ్లీ సర్వే చేయమని ఉద్యానశాఖ వారిని పంపించమని విచారణ అధికారికి దరఖాస్తు ఇచ్చి, దాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర లేని దరఖాస్తు ఇవ్వనట్టే లెక్క.

అవతల మిగిలే 22 గుంటల గురించి మీరు ఒకే వాక్యం రాశారు. నాకు మాత్రం అదే ఎక్కువ కలవరంగా ఉంది. బోరు పోయి, దారి పోయి, కాలువ అవతల చిక్కుకున్న అర ఎకరం భూమి పాసుబుక్కులో ఉంటుంది గానీ పంటకు ఉండదు. ఇలా ముక్కలు కావడం వల్ల జరిగే నష్టాన్ని పరిహారం లెక్కలో చూడాలని సెక్షన్ 28 చెబుతోంది. మిగిలిన భూమి మీద పడే చెడు ప్రభావం, నిలబడి ఉన్న పంట నష్టం, ఆదాయం తగ్గడం కూడా ఆ సెక్షన్లోనే ఉన్నాయి. కానీ మీరు అడగకపోతే అవి వాటంతట అవి అవార్డులోకి రావు. మీరు మూడు రకాలుగా అడగొచ్చు. ఆ ముక్కకు తగిన నష్టం కట్టమనవచ్చు. కాలువ మీద ట్రాక్టరు పట్టేంత వంతెన, కింద నుంచి పైపు వేసే ఏర్పాటు కావాలనవచ్చు. లేదా ఆ 22 గుంటలు కూడా తీసేసుకోమని రాయొచ్చు. చివరిది ఒప్పుకోవాలా వద్దా అన్నది ప్రభుత్వ ఇష్టం. నన్నడిగితే వంతెన సంగతి డిజైను దశలోనే పట్టుకోవాలి. కాలువ తవ్వి లైనింగ్ వేసేశాక వంతెన కోసం తిరిగేవాళ్లు ఏళ్లకేళ్లు తిరుగుతారు.

ఇప్పుడు ఆ కాగితం గురించి. తెలంగాణ 2017లో చేసిన సవరణలో 23ఏ అనే సెక్షన్ ఉంది. హక్కుదారులందరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే, కలెక్టరు ఇంకే విచారణా లేకుండా ఆ ఒప్పందం ప్రకారమే అవార్డు ఇవ్వొచ్చు. దీన్నే కన్సెంట్ అవార్డు అంటున్నారు. ఇందులో లాభం ఉంది: డబ్బు ఎంతో ముందే తెలుస్తుంది, త్వరగా వస్తుంది, వకీలు ఖర్చు ఉండదు. నష్టం ఒక్కటే, కానీ పెద్దది. ఒప్పుకుని తీసుకున్నాక చాలలేదని అథారిటీకి వెళ్లే దారి మూసుకుపోతుంది. రేపు మీ పక్క రైతు పోరాడి ఎకరాకు రెట్టింపు తెచ్చుకున్నా మీకు అందులో భాగం రాదు.

సంతకం పెట్టకపోతే మామూలు అవార్డు వస్తుంది. మీ అబ్బాయికి ఇక్కడ ఒక అపోహ ఉన్నట్టుంది. మామూలు అవార్డు అంటే డబ్బు కోర్టులో ఇరుక్కుపోతుందని అనుకుంటున్నాడు. అలా కాదు. ఆ డబ్బు మీరు తీసుకోవచ్చు, తీసుకుంటూనే ఎక్కువ కోసం అడగొచ్చు. అవార్డు తర్వాత మూడు నెలల్లోపు పరిహారం ఇవ్వాలి. పూర్తిగా ఇచ్చాకే స్వాధీనం చేసుకోవాలని సెక్షన్ 38 చెబుతోంది. డబ్బు పడకముందే పొక్లెయిన్ వస్తే ఆ సెక్షన్ నంబరు గుర్తుపెట్టుకోండి.

కానీ ఒక షరతు. డబ్బు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి సంతకం పెట్టాలి. రసీదు మీదే రాయండి. రాయనివ్వకపోతే అదే రోజు విడిగా ఉత్తరం ఇచ్చి ముద్ర వేయించుకోండి. 1990ల్లో మా మేనమామ భూమి రోడ్డులో పోయింది. చెక్కు ఇచ్చిన రోజు అచ్చు వేసిన రసీదు ఇచ్చారు, కింద సంతకం పెట్టాడు, చెక్కు తెచ్చి దేవుడి పటం ముందు పెట్టాడు. ఆరు నెలల తర్వాత పక్కవాళ్లు ఎక్కువ పరిహారం కోసం వెళ్తుంటే తనూ వెళ్లాడు. నువ్వు అభ్యంతరం లేకుండా తీసుకున్నావు కదా అన్నారు. ఆ ఒక్క మాట రాయకపోవడం వల్ల ఆయన దారి అక్కడితో ఆగిపోయింది. పోయేదాకా ఆ రసీదు నకలు సొరుగులోంచి తీసి చూసుకునేవాడు. పాత చట్టంలోనూ ఆ నిబంధన ఉంది, ఇప్పటి చట్టంలోనూ ఉంది.

ఆ తర్వాత సెక్షన్ 64 కింద కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలి, నా కేసు అథారిటీకి పంపండి అని. అవార్డు ఇచ్చిన రోజు మీరు అక్కడ ఉంటే ఆ రోజు నుంచి 6 వారాలే గడువు. లేకపోతే నోటీసు అందిన 6 వారాలు లేదా అవార్డు తేదీ నుంచి 6 నెలలు, ఏది ముందైతే అది. అథారిటీ పెంచితే, పెరిగిన మొత్తం మీద స్వాధీనం తేదీ నుంచి మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత 15 శాతం వడ్డీ వస్తుంది. ఏళ్లు పడుతుందన్న మాట నిజం. కానీ ఆ ఏళ్లకు వడ్డీ కూడా ఉంది. నచ్చకపోతే ఆపైన హైకోర్టుకు అప్పీలు ఉంది.

పెంచుతారా అంటే, అది మీరు చూపించే కాగితం మీద ఉంటుంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే ఒకాయన పక్క ఊళ్లో కొన్న భూమిని 17 లక్షల లెక్కన రిజిస్టర్ చేయించుకున్నాడని విన్నట్టు మీరు ఉత్తరం మధ్యలో ఎక్కడో రాశారు. అన్నా, మీ కేసుకు ప్రాణం అదే! ధర రుజువు చేయడానికి వేరే దారి ఉందన్నది దీని గురించే. ఆ దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీయించండి. తేదీ నోటిఫికేషన్‌కు ముందు మూడేళ్లలోపు ఉండాలి. మీ పొలానికి ఎంత దూరం, నేల ఎలాంటిది, రోడ్డు ఎంత దగ్గర, విస్తీర్ణం ఎంత, ఇవి చూస్తారు. నిజమైన అమ్మకాలు కొన్ని ఉన్నప్పుడు వాటిలో ఎక్కువ ధర ఉన్నదాన్ని పరిగణించాలని సుప్రీంకోర్టు 2012లో మెహ్రావల్ ఖేవాజీ ట్రస్ట్ కేసులో చెప్పింది. అలాగని 17 అంతా మీకు వచ్చేస్తుందని ఆశ పెట్టుకోకండి. అది రోడ్డు పక్క బిట్టు అయితే కోత పెడతారు, మామూలు ధర కాదని పక్కన కూడా పెట్టొచ్చు. కోతలు పోను మార్కెట్ విలువ 10 లక్షలకు నిలిచినా, పై లెక్కన ఎకరాకు 25 లక్షలు వస్తుంది. అది మీ ఊళ్లో బయట పలుకుతున్న ధర. అక్కడిదాకా అడగడం అత్యాశ కాదు.

అంతకంటే ముందు, ఈ దస్తావేజు అధికారుల సగటులో చేరిందా లేదా అన్నది తెలుసుకోండి. ఏయే దస్తావేజులు తీసుకున్నారో జాబితా ఇవ్వమని రెండు వారాల్లో జరిగే విచారణలోనే అడగండి. భూసేకరణ మొదలుపెట్టే ముందే ఆ ప్రాంతం మార్కెట్ విలువలను నేటి ధరల ప్రకారం సవరించే చర్యలు కలెక్టరు తీసుకోవాలని సెక్షన్ 26లోనే ఉంది. మీ ఊళ్లో అది జరిగిందా అని కూడా రాతలో అడగండి. జవాబు రాకపోయినా, అడిగిన కాగితం రేపు అథారిటీ ముందు మాట్లాడుతుంది.

వకీలును పెట్టుకుంటే ఫీజు ముందే మాట్లాడుకోండి. "వచ్చినదాంట్లో ఇంత శాతం" అనే ఒప్పందాలు వకీళ్లు చేయకూడదు, అలా అడిగేవాళ్లకు దూరంగా ఉండండి. ఖాళీ కాగితాల మీద, ఖాళీ వకాలత్ మీద సంతకం అసలే వద్దు.

ఈ రెండిటికీ మధ్యలో ఇంకో దారి ఉంది. ఒప్పుకుంటాను, కానీ నా షరతులతో. 16 లక్షలు భూమికి మాత్రమే, చెట్లు, బోరు విడిగా, వంతెన కట్టిస్తామని, డబ్బు ఫలానా తేదీలోపు అని అంగీకార పత్రంలోనే రాయమనండి. చెట్లకు సొలేషియం లేకుండా 6 లక్షల 60 వేలే కలిపినా 35 లక్షల 40 వేలు అవుతుంది. మామూలు అవార్డు 35 లక్షల 70 వేలకు దగ్గరగా వచ్చేసింది. బోరు, వంతెన కూడా అందులో పడితే, కోర్టు చుట్టూ తిరిగే ఓపిక మీకు లేకపోతే, మీ అబ్బాయి మాట వినడంలో తప్పేమీ లేదంటాను. కానీ నోటిమాట మీద మాత్రం కాదు. "సంతకం పెట్టండి, చెట్ల సంగతి తర్వాత చూద్దాం" అంటే ఆ తర్వాత అనేది రాదు.

ఇక మీ అక్కల గురించి. తండ్రి ఇచ్చిన 2 ఎకరాల 15 గుంటలు అన్నారు, ఇద్దరు అక్కలున్నారని ఇంకోచోట రాశారు. వీలునామా ఉన్నట్టు చెప్పలేదు. పాసుబుక్కు మీ పేరున ఉన్నంత మాత్రాన వాళ్ల హక్కు పోదు. మన ఉమ్మడి రాష్ట్రంలో ఆడపిల్లలకు సమాన హక్కు 1985 నుంచే మొదలైంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. హక్కుదారులందరూ ఒప్పుకుంటేనే కన్సెంట్ అవార్డు అని పైన చెప్పాను కదా. రేపు ఎవరో ఒకరు ఆర్డీఓ ఆఫీసులో చిన్న అర్జీ పెడితే మొత్తం డబ్బు ఆగిపోతుంది. అప్పుడు మీ అబ్బాయి ఫీజూ ఆగిపోతుంది. వాళ్లు అడుగుతారని కాదు. అడగకముందే మీరు వెళ్లి బావల ఎదురుగా కాకుండా అక్కల దగ్గరే కూర్చుని, ఇంత వస్తోంది, ఏం చేద్దాం అని అడగండి. ఆ భూమిలో వాళ్లు కూడా చిన్నప్పుడు కలుపు తీశారు.

మీ పొలంలో 12 ఏళ్లుగా పనిచేస్తున్న దంపతులకు మీరేమైనా ఇవ్వాలా అని అడిగారు. మీ పరిహారం గొడవలో మునిగి ఉండి కూడా వాళ్లను మరచిపోలేదు, సంతోషం. చట్టం కూడా వాళ్లను మరచిపోలేదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడి బతుకుతున్న కూలీలు, కౌలుదార్లు కూడా బాధిత కుటుంబాలే. పునరావాసం కింద కుటుంబానికి ఉద్యోగం, లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా 20 ఏళ్ల పాటు నెలకు 2 వేలకు తగ్గకుండా భృతి అని రెండో షెడ్యూల్లో ఉంది. రాష్ట్ర సవరణ ప్రకారం ప్రభుత్వం పునరావాసానికి బదులు ఏకమొత్తం ఇవ్వొచ్చు. ఏదైనా సరే, జాబితాలో పేరుంటేనే. వాళ్ల పేర్లు రాశారో లేదో చూడండి. లేకపోతే వాళ్లు మా పొలంలో ఇన్నేళ్లుగా పనిచేస్తున్నారని మీరే రాసిచ్చి, వాళ్లతో దరఖాస్తు పెట్టించండి. ఆ జాబితాలో మీ పేరు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. మీ జేబులోంచి ఇవ్వడం కంటే ముందు చేయగలిగిన సాయం ఇది.

పన్ను గురించి టెన్షన్ వద్దు. ఈ చట్టం కింద వచ్చే పరిహారం మీద ఆదాయపు పన్ను ఉండదని సెక్షన్ 96 చెబుతోంది. పరిహారం ఇచ్చేటప్పుడు ఎవరైనా పన్ను కోస్తే ఆ సెక్షన్ చూపించండి.

మీ ఇంటావిడ అన్న మాట మీకు మొండితనంలా అనిపించి ఉండొచ్చు. ఆ 110 చెట్లకు బిందెలతో నీళ్లు మోసింది ఆవిడేనని మీరే రాశారు, బోరు పడకముందు రెండు వేసవులు. ఆవిడ కోపం 16 లక్షల మీదో పాతిక లక్షల మీదో కాదేమో. తోటకు వెల కట్టేటప్పుడు ఎవరూ ఆవిడను ఒక్క మాట అడగలేదు. విచారణకు మీతో పాటు ఆవిడను కూడా తీసుకెళ్లండి. ఏ చెట్టు ఎప్పుడు కాపుకొచ్చిందో ఆవిడ చెప్పినట్టు మీరు చెప్పలేరు. మీ అబ్బాయికి కూడా ఒక పని అప్పగించండి: సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి ఆ 17 లక్షల దస్తావేజు నకలు తేవాలి. ఫీజు కట్టాల్సిన చివరి తేదీ ఎప్పుడో కాగితం మీద రాయమనండి. అప్పటికి డబ్బు ఏ దారిలో ముందు అందుతుందో, మధ్యలో విద్యారుణం సరిపోతుందో లేదో ముగ్గురూ కూర్చుని చూసుకోవచ్చు.

రెండు వారాలు తక్కువేమీ కాదు. చెట్ల లెక్క, దస్తావేజుల జాబితా కోసం అర్జీ, 22 గుంటల కోసం అర్జీ, అక్కలతో మాట. ఇవి నాలుగూ అయ్యాక ఆ అంగీకార పత్రం మళ్లీ ముందు పెట్టుకుని చదవండి. అప్పటికి చెట్లు ఎన్ని తేలాయో నాకు రాయండి, సంతకం పెట్టినా సరే, పెట్టకపోయినా సరే.